ఆది జాకెట్టు ఎవరిది?

మా పిన్ని తెనాలిలో ముప్ఫై ఏళ్ళకు పైగా జాకెట్లు కుట్టింది. పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, కూడబలుక్కుని చదవగలదు, షాపు బోర్డు తప్పుగా రాస్తే పట్టుకోగలదు. మాట్లాడమంటే మాత్రం నోరు పెగలదు. కూతురు డల్లాస్‌లో ఉంటుంది. ఆరేళ్ళ మనవరాలు ఫోన్లో "హాయ్ అమ్మమ్మా" అని మొదలుపెట్టి, ఆ తర్వాత అంతా ఇంగ్లీషులోనే దంచేస్తుంది. వీసా స్టాంపు పడింది, ఆర్నెల్లు ఉండి రావాలి. ఆ మనవరాలితో నాలుగు ముక్కలు మాట్లాడాలని పిన్ని ఊళ్ళో ఒక స్పోకెన్ ఇంగ్లీషు సెంటర్‌లో చేరింది. నాలుగు రోజులకే మానేసింది.

"తెలుగులో మాట్లాడితే పది రూపాయలు ఫైను అన్నార్రా. నాకొచ్చిందే తెలుగు. అదీ వద్దంటే ఇంకేం మాట్లాడను? నాలుగు రోజులూ మూగదానిలా కూర్చుని వచ్చేశాను."

నేను ఇంగ్లీషు మాస్టర్ని కాను. హైదరాబాదులో ఒక ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు మెయిళ్ళు రాసుకుని బతుకుతున్నాను, అంతే. అయినా ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో నేర్పుతానని ఒప్పుకున్నాను. నాలుగు నెలలు నేర్పాక, తెలుగువాళ్ళకి ఇంగ్లీషు గ్రామర్ నేర్పే పద్ధతి మీద నాకు ఎప్పట్నుంచో ఉన్న కోపం ఒక కొలిక్కి వచ్చింది. ఇంగ్లీషు రావాలంటే తెలుగుని గుమ్మం బయట వదిలి రావాలనడం అబద్ధం. పెద్దయ్యాక ఇంగ్లీషు నేర్చుకునే తెలుగు మనిషికి చేతిలో ఉన్న ఒకే ఒక్క కొలత తెలుగు. దాన్ని లాక్కుని కత్తెర చేతికిస్తున్నారు.

ముందు నా సంగతి. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియం. గ్రామర్‌లో నాకెప్పుడూ మంచి మార్కులే. "రామా కిల్డ్ రావణా" అంటే "రావణా వాజ్ కిల్డ్ బై రామా" అని నిద్దట్లో కూడా తిప్పేవాణ్ణి. డైరెక్టు స్పీచిని ఇండైరెక్టులోకి మార్చేవాణ్ణి. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదీ ఎక్కం లాగా అప్పజెప్పేవాణ్ణి. మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలో ఎదుటాయన మర్యాదకి "హౌ డిడ్ యు కం?" అని అడిగితే, "ఐ యామ్ కేమ్ బై బస్ సార్" అన్నాను. రావణుణ్ణి అన్నిసార్లు చంపినవాడికి బస్సెక్కి వచ్చానని చెప్పడం రాలేదు.

ఈ కథ పిన్నికి చెబితే నవ్వి ఒక మాట అంది. "ఎవరిదో ఆది పెట్టి నీకు కుట్టార్రా." కుట్టుపని తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. కొత్త జాకెట్టు కుట్టడానికి కొలత కోసం ఇచ్చే పాత జాకెట్టుని ఆది జాకెట్టు అంటారు. వదినగారి ఆది ఇచ్చి మరదలికి కుట్టమంటే భుజం దగ్గర సరిపోతుందేమో గానీ చంకలో పట్టేస్తుంది.

ఆమె యథాలాపంగా అన్నది చరిత్రలో అక్షరాలా జరిగింది. ఇంగ్లీషు వ్యాకరణాల్లో మొదటిదిగా చెప్పే విలియం బులోకర్ పుస్తకం 1586లో వచ్చింది. ఆయన దాన్ని అప్పటి బడుల్లో చదివే లిలీ లాటిన్ వ్యాకరణం అచ్చులోనే పోశాడు. ఆ తర్వాత చాలాకాలం ఇంగ్లీషు వ్యాకరణం అంటే లాటిన్ పెట్టెల్లో ఇంగ్లీషు మాటలు సర్దడమే. ఆ ఎనిమిది భాషాభాగాల లెక్క కూడా గ్రీకు, లాటిన్ పండితుల దగ్గర్నుంచి వచ్చిందే. లాటిన్‌కి కొలిచి ఇంగ్లీషుకి కుట్టారు, ఆ ఇంగ్లీషు జాకెట్టుని తెచ్చి మనకి తొడిగారు. మనమేమీ తక్కువ తినలేదు లెండి. నన్నయ పేరు మీద ప్రచారంలో ఉన్న ఆంధ్రశబ్దచింతామణి తెలుగు వ్యాకరణమే, సూత్రాలు మాత్రం సంస్కృతంలో ఉంటాయి.

ఇంకో ముచ్చట. ఇంగ్లీషువాళ్ళు తెలుగు నేర్చుకోవాల్సి వచ్చినప్పుడు ఏం చేశారు? 1814లో కేరీ, 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణాలు వేశారు. మూడూ ఇంగ్లీషులో రాసినవే. బ్రౌన్ 1820లో కడపకి వచ్చి తెలుగులో మునిగిపోయినవాడు, అయినా తోటి దొరల కోసం వ్యాకరణం రాసేటప్పుడు వాళ్ళ భాషలోనే విప్పి చెప్పాడు. ఇంగ్లీషు ముక్క దొర్లితే ఫైనని ఎవరూ అనలేదు. తమ భాష మీద నిలబడి మన భాషని అందుకున్నారు. మనకి మాత్రం "థింక్ ఇన్ ఇంగ్లీష్" అంటూ గోడ మీద పోస్టరు.

సరే, పిన్ని పాఠాలకి వస్తాను.

మొదటి ఆదివారమే "ఐ డిడ్ నాట్ వెంట్" అంది. ఇది ఆమె ఒక్కర్తి తప్పు కాదు. బీటెక్ చదివినవాళ్ళు కూడా మీటింగుల్లో అనడం నేను వారానికోసారి వింటాను. స్కూల్లో దీనికి చెప్పే మందు "డిడ్ తర్వాత వీ-వన్ వాడాలి", అంటే క్రియ మొదటి రూపం. ఎందుకు వాడాలో చెప్పరు, అందుకే అది పరీక్ష హాలు దాటి బయటికి రాదు. నేను పిన్నిని తెలుగులో అడిగాను.

"నిన్న షాపుకి వెళ్ళావా?"

"వెళ్ళాను."

"వెళ్ళకపోతే ఏమంటావు?"

"వెళ్ళలేదు అంటాను."

"వెళ్ళానులేదు అనవేం?"

"అదేం భాషరా, పిచ్చివాగుడు!"

"'ఐ డిడ్ నాట్ వెంట్' అంటే వాళ్ళకీ అలాగే వినిపిస్తుంది పిన్నీ."

ఫోన్లో కాసేపు నిశ్శబ్దం. తర్వాత కాగితం చప్పుడు. రాసుకుంటోంది. వెళ్ళ, లేదు. గో, డిడ్ నాట్. మనం 'లేదు' తగిలించగానే 'వెళ్ళాను'లోని కాలం, నేను అన్న గుర్తు రెండూ ఊడిపోయి 'వెళ్ళ' అని బోసిగా మిగులుతుంది. జరిగిపోయిన సంగతి 'లేదు' మోస్తుంది. ఇంగ్లీషులో ఆ బరువు 'డిడ్' మోస్తుంది, 'గో' బోసిగా మిగులుతుంది. ఇంకో విశేషం, నేను వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు, ఎవరికైనా 'లేదు' మారదు. 'డిడ్ నాట్' కూడా మారదు. రెండు భాషలూ ఇంత దగ్గరగా వచ్చే చోటు ఇంకొకటి నాకు తెలీదు. పదేళ్ళ బడిచదువులో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు.

పిన్ని ఊరుకునే రకం కాదు. "ముసలావిడ నడవలేదు అంటే రెండర్థాలు కదరా. నిన్న నడవలేదని ఒకటి, నడిచే ఓపిక లేదని ఒకటి." నిజమే. ఆ రెండో అర్థానికి ఇంగ్లీషులో 'క్యానాట్ వాక్' అనాలి. అక్కడా 'వాక్' బోసిదే. ప్రశ్న వేసేటప్పుడు మాత్రం మన తెలుగు సాయం చెయ్యదు. 'వెళ్ళావా' అని క్రియకే ముడేస్తాం, వాళ్ళు 'డిడ్'ని ముందుకు లాగుతారు. అందుకని "డిడ్ యు వెంట్" అని మళ్ళీ కొన్నాళ్ళు అంది. చివరికి ఆమే ఒక గుర్తు పెట్టుకుంది: "ఒక జాకెట్టుకి ముందూ వెనకా రెండుచోట్లా హుక్కులు కుట్టం కదా. డిడ్‌లో కుట్టేశాక వెంట్‌లో ఎందుకు?" ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళకి కూడా ఈ 'డు' గొడవ లేదు. పాత నాటకాల్లో 'ఐ నో నాట్' అని సుబ్బరంగా అనేవారు. నాలుగైదు వందల ఏళ్ళ కిందట ఎక్కడ్నుంచో వచ్చి వాక్యం మధ్యలో కూర్చుంది, ఇక లేవలేదు.

తర్వాత 'ఎ', 'ద'. "తెలుగులో ఆర్టికల్స్ లేవు, అందుకే మనవాళ్ళకి రావు" అని అందరూ అంటారు. మాట లేకపోవచ్చు గానీ, ఆ తేడా మనకి తెలీకుండా ఏం లేదు. పిన్నికి రెండు వాక్యాలు చెప్పాను. "బీరువాలో చీర ఉంది." "చీర బీరువాలో ఉంది." రెండింట్లోనూ ఉన్నవి అవే మూడు మాటలు. తేడా ఏంటని అడిగాను.

"మొదటిది, బీరువాలో ఏముందో చెప్తున్నావు. రెండోది, చీర ఎక్కడుందని ఎవరో అడిగారు, దానికి జవాబు."

"రెండోదాన్లో ఏ చీర?"

"అడిగిన చీర. ఇద్దరికీ తెలిసిన చీరే."

ఇంతకన్నా చక్కటి వివరణ నేను ఏ గ్రామర్ పుస్తకంలోనూ చదవలేదు. మొదటిది "దేర్ ఈజ్ ఎ శారీ ఇన్ ద కప్‌బోర్డ్". రెండోది "ద శారీ ఈజ్ ఇన్ ద కప్‌బోర్డ్". వాళ్ళు మాట చేర్చి చెప్పేదాన్ని మనం మాటల వరస మార్చి చెప్తున్నాం. ఈ 'దేర్ ఈజ్' అన్నది తెలుగు పిల్లలకి ఎప్పుడూ అయోమయమే. 'అక్కడ ఉంది' అని తర్జుమా చేసుకుని, ఎక్కడా అని వెతుక్కుంటారు. అది 'అక్కడ' కాదు. కొత్త వస్తువుని తెర మీదకి తెచ్చే దండోరా. ఇంకో గుర్తు కూడా ఉంది. "పుస్తకం చదివాను" అన్నప్పుడు ఏదో ఒక పుస్తకం. "పుస్తకాన్ని చదివాను" అంటే మాటల్లో ముందే వచ్చిన పుస్తకం అనిపిస్తుంది. ఆ 'ని'లో కొంచెం 'ద' వాసన ఉంది. ప్రాణం లేని వస్తువుల విషయంలోనే ఈ తేడా పనిచేస్తుంది, అదీ అన్నిసార్లూ కాదు. పిల్లాణ్ణి, ఆవుని మామూలుగా 'ని' పెట్టే అంటాం.

'ఎ', 'యాన్' తేడాకైతే మన అక్షరమాలే చాలు. 'అవర్'ని తెలుగులో రాసుకో, అకారం, అచ్చు. కాబట్టి యాన్ అవర్. 'యూనివర్సిటీ' రాసుకో, యకారం, హల్లు. కాబట్టి ఎ యూనివర్సిటీ. 'ఎమ్మెల్యే' అచ్చు, యాన్ ఎమ్మెల్యే. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తికమకపడే పని లేదు. మన ఇళ్ళల్లో ఒకటిని 'వొకటి' అనీ ఎవరుని 'యెవరు' అనీ అంటాం కాబట్టి ఎమ్మెల్యే కూడా 'యెమ్మెల్యే' అయిపోయే ప్రమాదం ఉంది, అది వేరే సంగతి.

మందుల పాఠం నాడు పిన్ని "డైలీ మార్నింగ్ ఐ విల్ టేక్ బీపీ టాబ్లెట్" అంది. ఇదీ మనందరి తప్పే. కారణం తెలుగులోనే కనబడుతుంది. "రోజూ వేసుకుంటాను", "రేపు వేసుకుంటాను", రెంటికీ మనకి క్రియ ఒక్కటే. వాళ్ళకి రెండు. పన్నెండు టెన్సుల పట్టిక వేసి భయపెట్టే బదులు, "నీ తెలుగు వాక్యం ముందు రోజూ పెట్టి చూడు, కుదిరిందా, విల్ తీసెయ్" అంటే చాలు. వారంలో సర్దుకుంది.

'నాకు'తో వచ్చే వాక్యాలు ఇంకా పెద్ద కథ. నాకు ఆకలేస్తోంది, నాకు జ్వరం వచ్చింది, నాకు తెలుసు, నాకు ఇద్దరు కూతుళ్ళు. మన భాషలో ఆకలీ జ్వరమూ తెలివీ సంతానమూ అన్నీ మనిషి దగ్గరికి వస్తాయి, మనిషి వాటికి చోటిస్తాడు. ఇంగ్లీషులో మనిషి ముందు నిలబడి అన్నిటికీ నేనే అంటాడు. ఐ యామ్ హంగ్రీ, ఐ హావ్ ఫీవర్, ఐ నో, ఐ హావ్ టూ డాటర్స్. 'టు మి' అని మొదలుపెట్టకుండా, నాకు అనిపించగానే 'ఐ' అనడం పిన్నికి నాలుగు వారాలు పట్టింది. "అంతా వాళ్ళే చేసినట్టు చెప్పుకుంటార్రా" అని గొణిగింది. వాళ్ళూ మొదట్నుంచీ అలా లేరని చెప్పాను. షేక్‌స్పియర్ నాటకాల్లో వచ్చే 'మీథింక్స్' అన్న మాటలో 'మీ' అంటే 'నాకు', మొత్తం కలిపి 'నాకనిపిస్తోంది'. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ఆకలి కూడా 'నాకు'తోనే వేసేది.

ఇక నా పాత శత్రువు, ప్యాసివ్ వాయిస్. రాముడు రావణుణ్ణి చంపాడు. ఈ వాక్యాన్ని తిరగేయాల్సిన అవసరం ఏ మనిషికైనా ఎందుకొస్తుంది? చంపినవాడు ఎదురుగా విల్లు పట్టుకుని ఉంటే! ప్యాసివ్ అసలు పని, చేసినవాడు తెలీనప్పుడో, తెలిసినా అక్కర్లేనప్పుడో. అలాంటప్పుడు తెలుగువాడు ఏమంటాడు? "కరెంటు తీసేశారు." "మా వీధిలో రోడ్డు వేశారు." "బస్టాండ్ దగ్గర హోటలు మూసేశారు." ఎవరు తీశారు, ఎవరు వేశారు, ఎవరికి కావాలి? 'తీశారు', 'వేశారు' చివర వచ్చే ఆ పేరు లేని 'ఆరు'లో మన ప్యాసివ్ ఉంది. "ద రోడ్ హాజ్ బీన్ లెయిడ్" అని అక్కడ్నుంచి నేర్పితే ఎందుకు వాడాలో కూడా వచ్చేస్తుంది. మనం అలా నేర్పలేదు సరికదా, ఇంగ్లీషు ప్యాసివ్‌ని తెలుగులోకి తెచ్చి "రోడ్డు వేయబడింది", "నిర్ణయం తీసుకోబడింది" అని ఆఫీసు కాగితాల్లో రాసుకుంటున్నాం. జాకెట్టు బిగుతైతే జాకెట్టు విప్పాలి గానీ ఒళ్ళు చెక్కుకుంటారా?

నా వాదనకి ఎదురుమాటలు లేకపోలేదు. మనసులో తెలుగు వాక్యం కట్టుకుని, దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, అప్పుడు నోరు తెరిస్తే ఎదుటివాడు వెళ్ళిపోతాడు అంటారు. నిజమే, పిన్ని మొదటి రెండు నెలలూ అంత ఆలస్యంగానే మాట్లాడింది. కానీ సైకిలు నేర్చుకునేటప్పుడు వెనక సీటు పట్టుకోవడం తప్పని ఎవరూ అనరు. చిన్నపిల్లలకి ఈ గ్రామరంతా అవసరమే లేదన్నదీ ఒప్పుకుంటాను. ఆ మనవరాలికి ఎవరూ 'డిడ్' నేర్పలేదు. చుట్టూ ఇంగ్లీషు వాన కురుస్తుంటే తడవకుండా ఎలా ఉంటుంది? మన ఊళ్ళ బడుల్లో ఆ వాన లేదు. బోర్డు మీద రాసిన రెండు చుక్కలే. ఆంధ్రాలో ప్రభుత్వ బడుల పుస్తకాలు కొన్నేళ్ళ కిందట రెండు భాషల్లో వేశారు, ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు. నాకు నచ్చింది. కానీ ఈ పేజీలో చివరున్న క్రియ ఆ పేజీలో మధ్యకి ఎందుకొచ్చిందో పిల్లాడికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఎదురెదురుగా కూర్చోబెట్టి పరిచయం చెయ్యకుండా వెళ్ళిపోతే ఎలా?

తెలుగు ఆది సరిపోని చోట్లు కూడా చాలా ఉన్నాయి. "తిన్నావా?" అన్నదానికి 'డిడ్ యు ఈట్', 'హావ్ యు ఈటెన్' రెండూ వస్తాయి. ఎప్పుడు ఏది అన్నది విని విని అలవాటు పడాల్సిందే, నాకు ఇప్పటికీ జారిపోతుంది. మన 'లో' ఒక్కటే, వాళ్ళు ఆన్ ద బస్, ఇన్ ద కార్ అంటారు. దీనికి కారణం లేదు, బట్టీ పట్టు అన్నాను. పిన్ని ఒప్పుకోలేదు. రెండ్రోజులు ఆలోచించి ఫోన్ చేసింది. "బస్సులో నిలబడొచ్చు, అటూ ఇటూ నడవొచ్చు. రైల్లోనూ అంతే, విమానంలోనూ అంతే. వాటికి ఆన్. కార్లో, ఆటోలో కూర్చోవడమే. వాటికి ఇన్. అవునా?" అన్ని బళ్ళకీ పనిచేస్తుందని రాసివ్వలేను గానీ, ఆమె ఎక్కబోయే బళ్ళన్నిటికీ పనిచేస్తుంది.

ఒక్కచోట ఆమే ఇంగ్లీషుని ఓడించింది. "నువ్వు మీ అమ్మకి ఎన్నో కూతురివి అని అడగాలంటే ఏమనాలిరా?" అంది. నేను నీళ్ళు నమిలాను. 'ఎన్నో'కి సరిపడా ఒక్క మాట ఇంగ్లీషులో లేదు. చుట్టుతిరిగి రావాలి. "ఇంత పెద్ద భాషని పెట్టుకుని అది కూడా లేదా?" అని ఆ వారమంతా వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆమె గొంతు పెరిగింది. తప్పులు తగ్గలేదు, గొంతు పెరిగింది.

పోయిన నెల డల్లాస్ నుంచి ఫోన్ చేసింది. షాపుకెళ్తే కౌంటర్ దగ్గరమ్మాయి ఏదో అడిగితే అర్థం కాలేదట, నవ్వేసి వచ్చేసిందట. అది సరే, మనవరాలి సంగతి విను అంది. ఆ పిల్లకి తెలుగు నేర్పుతోందట. పొద్దున అన్నం తిన్నావా అంటే ఆ పిల్ల "నో అమ్మమ్మా, తిన్నాను లేదు" అందట.

"నువ్వేమన్నావు పిన్నీ?"

"ఏముంది, మన కాగితం తీసి తిరగేశాను. 'డిడ్ నాట్ ఈట్ అంటావా, డిడ్ నాట్ ఏట్ అంటావా' అని అడిగాను. 'ఈట్' అంది. 'అయితే తిన్నాను కాదే, తిన. తినలేదు' అన్నాను. పిల్లకి వెంటనే ఎక్కింది. నీకన్నా నయం."